ట్యాబ్ కీబోర్డు మొరాయిస్తే: తుడిచి చూడాలా, బాగు చేయించాలా, వేరేది కొనాలా?

బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో, జయపురంలోనో ఉంటూ ట్యాబ్ మీద పని చేసుకునేవాళ్లకి, దానికి అతికే కీబోర్డు పాడైతే ఎదురయ్యే చిక్కు వేరు. పెద్ద నగరంలో అయితే సాయంత్రం సర్వీసు సెంటరుకి వెళ్లి వచ్చేయొచ్చు. ఇక్కడ చాలా బ్రాండ్లకి అటు భువనేశ్వరమో ఇటు విశాఖపట్నమో పోవాలి. ఒక రోజు పని పోతుంది, రానుపోను ఖర్చు అవుతుంది. తీరా వెళ్లాక "కీబోర్డు బాగు చేయం, మార్చుకోవాల్సిందే" అనే మాట వినాల్సి రావచ్చు. అందుకే ఏ దారిలో పోవాలన్నది ఇంటి దగ్గరే తేల్చుకోవడం మంచిది. దానికి అరగంట చాలు.

ఇక్కడ చెప్పేదంతా ట్యాబ్‌కి అయస్కాంతంతోనో హింజ్‌తోనో అతుక్కుని, సన్నని పిన్ల ద్వారా కరెంటు, సంకేతాలు అందుకునే కీబోర్డుల గురించి. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ టైప్ కవర్, ఐప్యాడ్ స్మార్ట్ కీబోర్డు, శాంసంగ్, లెనోవో, షావోమీ ట్యాబుల పోగో పిన్ (స్ప్రింగు మీద నిలిచే పిన్) కీబోర్డులు, ల్యాప్‌టాప్‌లా కూడా వాడుకునే టూ-ఇన్-వన్ విండోస్ ట్యాబుల కింది భాగాలు అన్నీ ఈ కోవలోవే.

## డబ్బు తీసేముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైనది తప్పు ఎక్కడుందన్నది. మూడే చోట్లు: ట్యాబ్ లోపల, రెండూ కలిసే పిన్ల దగ్గర, కీబోర్డు లోపల. ఈ మూడింటికీ మందు వేర్వేరు. ట్యాబ్ వైపు పిన్ లోపలికి కుంగిపోతే ఎంత ఖరీదైన కొత్త కీబోర్డు కొన్నా పని చేయదు. ఈ పొరపాటు చేసి డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

రెండోది, మీరు ఏ లిపిలో టైపు చేస్తారన్నది. ఇంగ్లీషు ఒక్కటే అయితే ఏ కీబోర్డైనా సరిపోతుంది. దస్తావేజులు ఒడియాలో, ఉత్తరాలు తెలుగులో టైపు చేసేవాళ్ల సంగతి వేరు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరిక పద్ధతిలో భారతీయ లిపులన్నిటికీ కీల స్థానాలు ఒకటే. తెలుగు క, ఒడియా క రెండూ 'కె' కీ మీదే ఉంటాయి, ర రెండింటికీ 'జె' మీదే. వేళ్లకి అలవాటైన కీల దూరం మారితే వేగం పడిపోతుంది. అలాంటివాళ్లకి చిన్న సైజు చవక కీబోర్డు కొనడం నష్టం.

మూడోది, ట్యాబ్‌కి ఇంకా ఎంత ఆయుష్షు ఉంది? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2015 నాటి సర్ఫేస్ ప్రో 4, 2017 నాటి సర్ఫేస్ ప్రోలకు విండోస్ 11 అధికారికంగా రాదు. అలాంటి ట్యాబ్‌కి ఐదంకెల ధర పెట్టి అసలు కంపెనీ కీబోర్డు కొనడం దండగ. సర్ఫేస్ ప్రో 6 నుంచి విండోస్ 11 వస్తుంది కాబట్టి అక్కడ లెక్క మారుతుంది.

నాలుగోది, కీబోర్డు లేకుండా ఎన్ని రోజులు నెట్టుకురాగలరు? పట్టుచీరల కొట్టులో లెక్కలు రాసేవాళ్లు ఒక రోజు కూడా ఆగలేరు. చదువుకునే పిల్లలు వారం ఆగినా ఫర్వాలేదు.

## అరగంట పరీక్ష

కావాల్సినవి: ఒక ఓటీజీ అడాప్టరు (ట్యాబ్ చార్జింగు పోర్టుకి యూఎస్‌బీ సామాను తగిలించేది), ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్న మామూలు యూఎస్‌బీ కీబోర్డు, ఫోన్ టార్చి.

మొదట ట్యాబ్‌ని పూర్తిగా ఆపి ఆన్ చేయండి. తెర ఆపితే చాలదు. సర్ఫేస్ ప్రో 2017, ఆ తర్వాతి మోడళ్లలో పవర్ బటన్‌ని 20 సెకన్లపాటు నొక్కి పట్టుకోవాలి. పిన్ల దగ్గర ఏదైనా షార్టయితే కొన్ని ట్యాబులు ఆ పోర్టుకి కరెంటు ఆపేస్తాయి, పూర్తిగా రీస్టార్ట్ చేసేదాకా తిరిగి ఇవ్వవు.

తర్వాత ఓటీజీతో యూఎస్‌బీ కీబోర్డు తగిలించండి. అది పని చేస్తే ట్యాబ్ సాఫ్ట్‌వేర్ దాదాపు బాగున్నట్టే. అదీ పని చేయకపోతే ముందు సెట్టింగులు, అప్‌డేట్ల సంగతి చూసుకోవాలి. కీబోర్డు మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

ఇప్పుడు అసలు కీబోర్డు అతికించి, ట్యాబ్ దాన్ని గుర్తించిందో లేదో చూడండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగుల్లో భాషలు, ఇన్‌పుట్ కింద 'ఫిజికల్ కీబోర్డ్' అన్నచోట దాని పేరు రావాలి. ఐప్యాడ్‌లో జనరల్, కీబోర్డ్ కింద 'హార్డ్‌వేర్ కీబోర్డ్' అనే వరస కీబోర్డు తగిలినప్పుడే కనబడుతుంది. పేరు వచ్చి అక్షరాలు రాకపోతే తప్పు కీబోర్డు లోపల. పేరే రాకపోతే ముందు అనుమానించాల్సింది పిన్లని.

సర్ఫేస్‌కి ఇంకో మంచి పరీక్ష ఉంది. ట్యాబ్ ఆపి, వాల్యూమ్ పెంచే బటన్ నొక్కి పట్టుకుని పవర్ నొక్కితే విండోస్ మొదలుకాకముందు ఉండే యూఈఎఫ్ఐ సెట్టింగుల తెర వస్తుంది. అక్కడ బాణం కీలు పని చేస్తూ విండోస్‌లోకి వచ్చాక పని చేయకపోతే తప్పు డ్రైవరుది. డివైస్ మేనేజర్‌లో ఆ కీబోర్డు ఎంట్రీని అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేస్తే తిరిగి దానంతటదే వస్తుంది. మరమ్మతు అంతటితో అయిపోతుంది.

చివరగా ప్రతి కీనీ నొక్కి, పలకనివాటిని కాగితం మీద రాసుకోండి. ఈ కాగితం చాలా విలువైనది. కీబోర్డులో ప్రతి కీకీ విడి తీగ ఉండదు. అడ్డం గీతలు, నిలువు గీతలుగా ఒక వల ఉంటుంది, కీ నొక్కినప్పుడు ఒక అడ్డం ఒక నిలువు కలుస్తాయి. ఒక గీత తెగితే దాని మీదున్న కీలన్నీ ఒకేసారి మూగబోతాయి, అవి పక్కపక్కన ఉండాలని లేదు. కాబట్టి ఒకే కీ పోతే అది పైపై సమస్య. ఏడెనిమిది కీలు చెదురుమదురుగా పోతే లోపలి పొర పాడైనట్టు. పేరు కూడా రాకుండా అన్నీ పోతే కనెక్షను.

| కనబడేది | తప్పు ఉండే చోటు | ముందు చేయాల్సింది | చేయకూడనిది |
|---|---|---|---|
| కీబోర్డు పేరే రాదు | పిన్లు లేదా ట్యాబ్ | పిన్లు తుడవడం, అదే మోడల్ వేరే కీబోర్డుతో పరీక్ష | వెంటనే కొత్తది కొనడం |
| మడత కోణం మార్చితే వస్తూ పోతూ ఉంటుంది | మడతలోని రిబ్బన్ కేబుల్ (పలచని తీగల పట్టీ) | హింజ్ రకం అయితే రిపేరు, గుడ్డ కవరు అయితే మార్పు | టేపు, జిగురు |
| ఒకే కీ పలకదు | కీ కింద క్లిప్పు, రబ్బరు గుబ్బ, చెత్త | కీ తీసి శుభ్రం చేయడం | మొత్తం కీబోర్డు మార్చడం |
| చెదురుగా ఏడెనిమిది కీలు పోయాయి | లోపలి పొర | మార్పు | గంటలకొద్దీ తుడవడం |
| ఒక అక్షరం దానంతటదే పడుతూ ఉంటుంది | ఇరుక్కున్న కీ, లోపల తేమ | విడదీసి రెండు రోజులు ఆరబెట్టడం | అతికించి వాడుతూ పోవడం |
| ఏ కీబోర్డు పెట్టినా రాదు | ట్యాబ్ లేదా సాఫ్ట్‌వేర్ | రీసెట్, అప్‌డేట్, తర్వాత సర్వీసు | ఏ కీబోర్డైనా కొనడం |

## మొదటి దారి: మీరే తుడవడం

గోపాలపురం, ఛత్రపురం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఈ దారికే ఎక్కువ ఫలితం. ఉప్పుగాలికి పిన్ల మీది పలచని బంగారు పూత ఎక్కడ అరిగితే అక్కడ కింది లోహం చిలుము పడుతుంది. కొరాపుట్ కొండమీది ఊళ్లలో నెలల తరబడి ఉండే వానాకాలపు తేమ ఇంచుమించు అదే పని చేస్తుంది. ఆకుపచ్చగా కనబడితే రాగి చిలుము. తెల్లటి పొడి అయితే చాలావరకు ఉప్పే. నల్లటి మచ్చ అయితే పాత తుప్పు, లేదా చిన్న నిప్పురవ్వ లేచి కాలిన గుర్తు.

తుడిచే ముందు టార్చి వేసి అయస్కాంతం అంచు వెంట చూడండి. స్టాప్లర్ పిన్ ముక్కలు, ఇనుపరజను, గుండుసూదులు అక్కడికి వచ్చి అతుక్కుంటాయి. అంగుళంలో పావువంతు కూడా లేని స్టాప్లర్ ముక్క రెండు పిన్ల మధ్య అడ్డంగా పడితే చాలు, ట్యాబ్ ఆ పోర్టుని మూసేస్తుంది. కాగితాలతో పని చేసే దఫ్తరాల్లో ఇది చాలా మామూలు. దాన్ని టేపు ముక్కతో అతికించి లాగేయండి. ఇనుప పట్టకారు పెడితే అయస్కాంతం దాన్నీ లాగేసి పిన్ వంగుతుంది.

తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. ఫోన్ రిపేరు సామాను అమ్మే కొట్లలో దొరుకుతుంది, 100 మి.లీ. సీసా ఏళ్ల తరబడి వస్తుంది. చేతులకి రాసుకునే శానిటైజర్ వద్దు. అందులో గ్లిజరిన్ ఉంటుంది, ఆరాక జిగట పొర మిగిలి ఆ పొర మీద దుమ్ము పట్టి మళ్లీ మొదటికి వస్తుంది. తుప్పు వదిలించే నూనె స్ప్రేలకీ అదే లోపం.

ట్యాబ్ ఆపేసి, కీబోర్డు విడదీసి, దూది పుల్లకి రెండు చుక్కలు పట్టించండి. కారేంత తడపొద్దు. పిన్లు తగిలే బంగారు రంగు బిళ్లల్ని ఒకే దిక్కున పదిసార్లు తుడవండి, పుల్ల నల్లబడితే మార్చండి. బిళ్లల మీద మొండి మరక మిగిలితే మెత్తటి తెల్ల రబ్బరుతో ఐదారుసార్లు తేలిగ్గా రుద్దొచ్చు. గరుకు కాగితం మాత్రం ముట్టుకోవద్దు. అది మరకతోబాటు బంగారు పూతనీ గీకేస్తుంది. వారం పాటు బ్రహ్మాండంగా పని చేసి, ఆ తర్వాత మునుపటికంటే త్వరగా చిలుము పడుతుంది.

లేచి ఉండే స్ప్రింగు పిన్లకి రబ్బరు పనికిరాదు. చెక్క టూత్‌పిక్ మొనకి ఒక చుక్క ఆల్కహాల్ పట్టించి ఒక్కొక్క పిన్‌నీ నిటారుగా లోపలికి నొక్కి వదలండి, పది పదిహేనుసార్లు. చివరికి పిన్లన్నీ ఒకే ఎత్తుకి తిరిగి లేవాలి. కంటి మట్టానికి పెట్టి పక్కనుంచి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. ఒకటి మిగతావాటికంటే కిందే ఉండిపోతే దాని స్ప్రింగు పోయినట్టు, ఇక తుడిచి లాభం లేదు.

పది నిమిషాలు ఆరనిచ్చి, అతికించి, రీస్టార్ట్ చేయండి. మొత్తం ఖర్చు వంద, రెండొందల రూపాయల లోపు. పేరే రాని కీబోర్డుకి ముందుగా ఇది చేయకుండా ఏ కొట్టుకీ వెళ్లొద్దు.

### టీ ఒలికితే

ఇది వేరు సంగతి. వెంటనే విడదీసి బోర్లించండి. చక్కెర లేని నీళ్లయితే రెండు రోజులు ఫ్యాను గాలికి ఆరబెడితే బతికే అవకాశం బాగానే ఉంది. చక్కెర టీ అయితే ఆరినట్టు కనబడుతుంది కానీ లోపలి చక్కెర పొర గాలిలోని తేమని పీలుస్తూనే ఉంటుంది. అందుకే ఎండాకాలమంతా పని చేసిన కీబోర్డు శ్రావణంలో తనంతట తాను అక్షరాలు కొట్టడం మొదలెడుతుంది. బియ్యంలో పెట్టడం వల్ల ఒరిగేది లేదు, బియ్యపు పిండి పిన్లలోకి పోతుంది. మే నెల ఎండలో పెట్టినా ముప్పే, గుడ్డ కవరు లోపలి జిగురు వదిలి పొరలు లేస్తాయి.

## రెండో దారి: ఊళ్లో రిపేరు కొట్టు

ఇక్కడ కీబోర్డు రకాన్ని బట్టి సమాధానం పూర్తిగా మారుతుంది.

గుడ్డ లేదా రబ్బరు పొరలతో అతికించిన పలచని కవరు రకం అయితే విప్పించొద్దు. ఆ పొరలు వేడి, జిగురుతో మూసినవి. విప్పినవాడు ఎంత నేర్పరి అయినా తిరిగి అంత చదునుగా మూయలేడు. మూసినా అంచు లేచి, మడతపెట్టినప్పుడు తెరకి రాసుకుంటుంది. లోపలి రిబ్బన్ మడత దగ్గరే తెగుతుంది, దానికి విడిగా భాగం కూడా అమ్మరు. "చూద్దాం, విప్పి చూస్తే తెలుస్తుంది" అన్న మాటకి ఒప్పుకుంటే కీబోర్డు పోయినట్టే లెక్క.

స్క్రూలతో బిగించిన గట్టి రకం, అంటే టూ-ఇన్-వన్‌ల కింది భాగం అయితే ధైర్యంగా ఇవ్వొచ్చు. అందులో రిబ్బన్ కేబుల్ వదులవడం, హింజ్ దగ్గర తీగ తెగడం, చార్జింగు సాకెట్ ఊడటం ఇవన్నీ బాగయ్యేవే. చాలాసార్లు రిబ్బన్‌ని పట్టి ఉంచే చిన్న లాక్ పలక లేచిపోయి ఉంటుంది, దాన్ని ఎత్తి, రిబ్బన్ నిండా తోసి, మళ్లీ మూస్తే సరి. స్క్రూలు ఒకే పొడవు కావు, తీసినవి తీసినట్టు కాగితం మీద బొమ్మ గీసి ఆయా చోట్ల పెట్టమనండి. పొడవు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే పైపలక పొడుచుకొస్తుంది. కీల పొరే మార్చాల్సి వస్తే మాత్రం ఖర్చు పెరుగుతుంది. చాలా మోడళ్లలో ఆ పొరని పైపలకకి ప్లాస్టిక్ కరిగించి బిగిస్తారు, పలకతో సహా కొనాలి.

ఒక్క కీ ఊడటం, క్లిప్పు విరగడం లాంటివాటికి రిపేరు కొట్టే సరైన చోటు. విడి క్లిప్పు దొరక్కపోతే అంతగా వాడని కీ నుంచి తీసి వేస్తారు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో టైపు చేసేవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. అంకెల వరసలో ఒకటికి ఎడమ పక్కనున్న కీ ఇంగ్లీషులో టైపు చేసేవాళ్లకి అంతగా అక్కరలేనిదే కానీ, మనకి 'ొ' గుర్తు అక్కడే ఉంది. దాన్ని పీకించుకుంటే 'కొట్టు' అని రాయలేరు. ఏ కీ తీయాలో మీరే చూపించండి.

కొట్టులో అడగాల్సినవి: అదే మోడల్ కీబోర్డు మీ దగ్గర ఉందా, దాంతో నా ట్యాబ్ పరీక్షించగలరా? విప్పాక బాగవకపోతే ఎంత తీసుకుంటారు? మార్చిన పాత భాగం తిరిగి ఇస్తారా? ట్యాబ్ వైపు పిన్లకి వేడిగాలి పెట్టాల్సి వస్తే బ్యాటరీ తీసి చేస్తారా? చివరి ప్రశ్నకి తడబడితే ట్యాబ్ ఇవ్వకండి. ట్యాబ్ వదిలి వెళ్లాల్సి వస్తే ముందు డేటా కాపీ చేసుకుని, బ్యాంకు యాప్‌లు తీసేయండి.

## మూడో దారి: కంపెనీ సర్వీసు సెంటరు

వారంటీ ఉంటే ఇదే. లేకపోతే దాదాపు ఎప్పుడూ కాదు. కీబోర్డుని విప్పి బాగు చేయడం కాకుండా మార్చడమే అక్కడ సాధారణంగా జరిగేది. ట్యాబ్‌తో పాటు కొన్నా కీబోర్డుకి వారంటీ గడువు వేరుగా ఉండొచ్చు కాబట్టి బిల్లు మీద రెండూ విడిగా రాసి ఉన్నాయో చూసుకోండి. తడి తగిలిందని తేలితే వారంటీ వర్తించదు.

బరంపురం నుంచి భువనేశ్వరం రోడ్డున సుమారు 170 కి.మీ. విశాఖ అంతకంటే దూరం. రాయగడ, కొరాపుట్ వైపువాళ్లకి రైలు మీద విశాఖే సులువు. ప్రయాణం కట్టేముందు ఫోన్ చేసి మోడల్ నంబరు చెప్పి, ఆ కీబోర్డు వాళ్ల దగ్గర ఉందో తెప్పించాలో అడగండి. ఒకసారి చూపించడానికి, మరోసారి తెచ్చుకోవడానికి రెండు ప్రయాణాలు పడితే ఆ డబ్బుతో ఒక బ్లూటూత్ కీబోర్డు వస్తుంది.

ట్యాబ్ వైపు పిన్లు పోయిన కేసు మాత్రం వారంటీ లేకపోయినా ఒకసారి అక్కడ అంచనా అడగదగ్గది.

## నాలుగో దారి: అదే రకం కీబోర్డు కొనడం

రోజుకి మూడు నాలుగు గంటలు రెండు లిపుల్లో టైపు చేసేవాళ్లకి, ట్యాబ్ కొత్తదయితే, ఇదే మేలు. పేజీలు పేజీలు కొట్టేటప్పుడు వేలు అలవాటైన కీ అలవాటైన చోటే ఉండటంలోని హాయి ఇంకే దారిలోనూ రాదు. విడి చార్జింగు అక్కర్లేదు, ట్యాబ్ నుంచే కరెంటు తీసుకుంటుంది.

పొరపాటు జరిగేది మోడల్ దగ్గర. సర్ఫేస్ ప్రో 3 నుంచి 7, 7 ప్లస్ వరకు టైప్ కవర్లు ఒకదానికొకటి పనికొస్తాయి. ప్రో ఎక్స్, 8, ఆ తర్వాతివాటికి కనెక్షను వేరు, వాటి కీబోర్డులు పాతవాటికి పట్టవు, పాతవి వీటికి పట్టవు. సర్ఫేస్ గో సైజే వేరు. ఐప్యాడ్‌లో 11 అంగుళాల ప్రో మొదటి నాలుగు తరాలకి, ఎయిర్ 4, 5 తరాలకి ఒకే మ్యాజిక్ కీబోర్డు సరిపోతుంది, 2024లో వచ్చిన ఎం4 ప్రోకి సరిపోదు. ఆండ్రాయిడ్ ట్యాబులకి పేరు చూసి కాదు, వెనక చెక్కిన మోడల్ నంబరు చూసి కొనాలి. పేరు ఒకటే అయినా మోడల్ మారితే పిన్ల చోటు మారొచ్చు.

వాడినది కొంటే సగం ధరకి రావచ్చు. మీ ట్యాబ్ తీసుకెళ్లి అక్కడే పెట్టి ప్రతి కీనీ నొక్కండి. తర్వాత మడతని ముందుకీ వెనక్కీ నెమ్మదిగా పదిసార్లు వంచుతూ టైపు చేయండి. మధ్యలో ఒక్కసారి ఆగిపోయినా తీసుకోవద్దు, రిబ్బన్ చివరి రోజుల్లో ఉందన్నమాట.

వేరే కంపెనీవాళ్లు చేసిన పోగో పిన్ కీబోర్డులు చవక. కానీ వాటిలో కొన్నిటికి అయస్కాంతం పట్టు తక్కువ, ఒళ్లో పెట్టుకుంటే ఊగి కనెక్షను వస్తూ పోతూ ఉంటుంది. బల్ల మీద మాత్రమే వాడేవాళ్లయితే ఫర్వాలేదు.

## ఐదో దారి: బ్లూటూత్ కీబోర్డు

ట్యాబ్ వైపు పిన్లు పోయినవాళ్లకి ఇదే రాజమార్గం, ఎందుకంటే దీనికి పిన్లతో పనే లేదు. ట్యాబ్ పాతబడి, రేపు ఇంకోటి కొన్నా ఈ కీబోర్డు దానికీ పనికొస్తుంది. ఇది చిన్న లాభం కాదు. వెయ్యి నుంచి రెండున్నర వేల మధ్యలో చక్కటివి వస్తాయి.

రెండు రకాలు: లోపలే బ్యాటరీ ఉండి చార్జ్ చేసేవి, సెల్స్ వేసుకునేవి. గంజాం, గజపతి జిల్లాలవాళ్లు సెల్స్ రకం తీసుకుంటేనే మేలు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. తుపాను తర్వాత ఎన్ని రోజులు కరెంటు లేకుండా గడపాలో ఈ తీరంవాళ్లకి చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు పవర్ బ్యాంకులో ఉన్న కాస్త చార్జింగూ ఫోనుకే కావాలి. సన్నం సెల్స్ కిరాణా కొట్టులోనూ దొరుకుతాయి, రెండు వేస్తే నెలల తరబడి వస్తాయి. వాడని రోజుల్లో సెల్స్ తీసి పెట్టండి, కారితే స్ప్రింగులు తుప్పు పడతాయి.

లోపాలూ ఉన్నాయి. విండోస్ ట్యాబ్ ఆన్ చేసిన వెంటనే వచ్చే యూఈఎఫ్ఐ, బిట్‌లాకర్ రికవరీ (డిస్కు తాళం తీయడానికి కోడ్ అడిగేది) లాంటి తెరల దగ్గర బ్లూటూత్ కీబోర్డు పని చేయదు, అక్కడ తెర మీది కీబోర్డో తీగ కీబోర్డో కావాలి. ఒళ్లో పెట్టుకుని వాడటం కష్టం, ట్యాబ్‌కి విడిగా స్టాండు ఉండాలి. పదిన్నర అంగుళాల కంటే చిన్న కీబోర్డుల్లో కొన్ని గుర్తుల కీలు చిన్నవి చేస్తారు లేదా చోటు మారుస్తారు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ గుర్తుల కీల మీదే మన అక్షరాలున్నాయి కాబట్టి, కొనేముందు 'పి' కీ పక్కన రెండు, 'ఎల్' కీ పక్కన రెండు మామూలు సైజులో ఉన్నాయో లేదో చూడండి.

తెలుగు, ఒడియా స్టిక్కర్లు అంటించేవాళ్లు పలచనివే తీసుకోండి. మడిచే రకం కీబోర్డు మీద లావు స్టిక్కర్లు తెరకి ఒరిసి మరకలు పడతాయి. విండోస్‌లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు, ఒడియా రెండింటికీ ఫొనెటిక్ కీబోర్డు ఉంది, ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టేవాళ్లకి స్టిక్కర్ల పనే లేదు.

## ఆరో దారి: ఓటీజీతో తీగ కీబోర్డు

చవక, నమ్మకం. అడాప్టరు వంద, రెండొందలు, కీబోర్డు నాలుగైదొందలు. ఒకే చోట కూర్చుని పని చేసే కొట్టు, దఫ్తరం, ఇంటి బల్లకి దీనికి మించింది లేదు. పెద్ద కీలు, విడి అంకెల పలక ఉంటాయి కాబట్టి లెక్కలు రాసేవాళ్లకి ట్యాబ్ కీబోర్డుకంటే ఇదే హాయి. ఒకే టైప్-సి పోర్టు ఉన్న ట్యాబులో చార్జింగూ కీబోర్డూ ఒకేసారి కావాలంటే చార్జింగు దాటించే హబ్ కొనాలి, అదీ అన్ని ట్యాబులకీ పని చేయదు, మీ ట్యాబ్‌తో పెట్టి చూసి తీసుకోండి.

## ఎవరికి ఏది

చదువుకునే పిల్లలకి: తుడిచి చూడటం, కాకపోతే బ్లూటూత్. పాత ట్యాబ్‌కి అసలు కంపెనీ కీబోర్డు అడిగినా కొనిపెట్టొద్దు, ఆ డబ్బు తర్వాతి ట్యాబ్‌కి దాచండి.

కొట్టులో లెక్కలకి: తీగ కీబోర్డు, ఈ రోజే. పాడైన కీబోర్డు సంగతి తీరికగా చూసుకోవచ్చు.

దస్తావేజులు, పత్రికా రచన, డీటీపీ చేసేవాళ్లకి: ట్యాబ్‌కి ఇంకా రెండు మూడేళ్లు అప్‌డేట్లు ఉంటే అదే మోడల్ కీబోర్డు. అది వచ్చేదాకా తీగ కీబోర్డు. ఈ పనివాళ్లకి ఒక్క కీ పోయినా ఎంత దెబ్బో 'డి' కీ చూస్తే తెలుస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు అక్కడే ఉంటుంది. అది లేకపోతే ఒక్క ఒత్తూ రాదు. 'అమ్మ', 'పెద్ద', 'ఉత్తరం' ఏదీ రాయలేరు. ఒడియాలోనూ అంతే. అలాంటప్పుడు విండోస్‌లో పవర్‌టాయ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 'డి' పనిని క్యాప్స్ లాక్ కీకి అప్పగించి రెండు మూడు రోజులు గడుపుకోవచ్చు. ఎడమ చిటికెన వేలికి కొద్దిగా అలవాటు కావాలి, అంతే.

ఊళ్లు తిరిగే ఏజెంట్లకి, ఉపాధ్యాయులకి: ఒళ్లో పెట్టుకోవాలి కాబట్టి అతికే రకమే కావాలి. వాడిన అసలు కంపెనీ కీబోర్డు పరీక్షించి కొనడం మేలు. సంచిలో కీబోర్డుని పిన్లు పైకి రాకుండా మెత్తటి గుడ్డలో చుట్టి, స్టాప్లర్, తాళంచెవులకి దూరంగా పెట్టండి.

## సరిహద్దు దాటి కొంటే

ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం, విశాఖ వెళ్లి కొనేవాళ్లు, ఆన్‌లైన్‌లో తెప్పించేవాళ్లు చాలామంది. ఆంధ్రాలో కొన్నది ఒడిశాలో వారంటీకి చెల్లదేమోనన్న భయం అక్కర్లేదు. దేశంలో అమ్మకానికి తెచ్చిన సరుకైతే కంపెనీ వారంటీకి రాష్ట్రంతో పని లేదు. చూసుకోవాల్సింది అది విదేశాలనుంచి విడిగా తెచ్చి అమ్ముతున్నదా అన్నది. పెట్టె మీద భారత దిగుమతిదారు పేరు, గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉండాలి.

పేచీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సరుకు ఎక్కడ కొన్నా, మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. విశాఖలో కొన్నదానికి విశాఖ కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. దానికి కావాల్సిందల్లా మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాసిన బిల్లు. 'ట్యాబ్ సామాను' అని మాత్రమే రాసిన చీటీ ఇస్తే అక్కడే నిలబడి మళ్లీ రాయించుకోండి.